రూపవాదమా, నైరూప్యమా? ముందు తేల్చుకోండి

మన విమర్శకులు ఒకే బొమ్మను ఒకే నోటితో రెండు తిట్లు తిడుతున్నారు. మొదటి తిట్టు రూపవాదం. రెండవది నైరూప్యం. బొమ్మలో రూపం తప్ప మరేమీ లేదని మొదటి ఆరోపణ. రూపమే లేదని రెండవ ఆరోపణ. ఈ రెండూ ఏకకాలంలో నిజం కావటానికి వీల్లేదు. అయినా రెండింటికీ ఒకే సభలో చప్పట్లు పడుతున్నాయి.

తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనుక నాకు ముందు మాట దగ్గరే పేచీ. రూపం లేకపోవటమే నైరూప్యం. నల్లటి గుడ్డ మీద ఎర్రటి గీత గీస్తే అక్కడ రూపం లేకుండా ఎట్లా పోయింది? గీతకు పొడవున్నది, అంచున్నది, ఆ ఎరుపుకు ఒక బరువున్నది. లేనిదల్లా పోలిక. ఇది చెట్టు, ఇది ఇల్లు, వీడు రామయ్య అని వేలు పెట్టి చూపే పోలిక ఆ చిత్రంలో లేదు. పోలిక వేరు, రూపం వేరు. మన అలంకారశాస్త్రంలో కూడా ఉపమ అనేది అలంకారాలలో ఒకటి మాత్రమే. ఉపమ లేని పద్యాన్ని పద్యమే కాదని వెళ్ళగొట్టిన లాక్షణికుడు లేడు. చిత్రకళలో మాత్రం మనవాళ్ళు ఉపమాలంకారం ఒక్కటే కళ అని శాసనం చేస్తున్నారు.

ఈ పేచీ నాకు ఊరికే రాలేదు. బోగోలుకు చెందిన ఒక యువకుడు, ఒకప్పుడు నా దగ్గర డిగ్రీలో తెలుగు చదివినవాడు, పదహారు బొమ్మలు తయారుచేశాడు. పది ఫొటోలు, ఆరు రంగుల చిత్రాలు. దగ్గరి పట్నంలో జరిగిన ఒక సాహిత్య సభవారు హాలు గోడలకు పెట్టమని వాటిని అడిగి తెప్పించుకున్నారు. ముందురోజు రాత్రి చూసి, గోడల మీదనుంచి దింపమన్నారు. "మన సభలో మనుషులు లేని బొమ్మలేమిటి?" అన్నారట. మర్నాడు వేదిక మీద ఒక పెద్దమనిషి అరగంట సేపు, పేరు ఎత్తకుండా, ఆ కుర్రవాణ్ణి దంతగోపురం ఎక్కించి కిందికి తోశారు. ఆ సభ పేరూ ఆ పెద్దమనిషి పేరూ ఇక్కడ అనవసరం. ఆ వాదన ఆయన ఒక్కరిదే అయితే నేను ఈ వ్యాసం రాయను. ఇది మన అభ్యుదయ విమర్శలో చాలాకాలంగా కూచుని వున్న వాదన.

ఇంతకూ ఆ దంతగోపురం ఎట్లాంటిదో చూడండి. అతని తాత బిట్రగుంట లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఆవిరి ఇంజన్లు నడిచిన రోజుల్లో మద్రాసు-బెజవాడ దారిలో బిట్రగుంట చాలా పెద్ద పేరు. గుండ్రటి ఇంజన్ షెడ్డు, ఇంజన్ను తిప్పి నిలబెట్టే టర్న్‌టేబుల్, షిఫ్టు కూత వినిపిస్తే వంట మొదలుపెట్టే ఇళ్ళు. ఆవిరి పోయింది, దాంతో ఆ వైభవమూ పోయింది. మిగిలింది తుప్పు. అతని తండ్రి రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. ఇతను పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి ఇల్లు గడుపుతున్నాడు. ఈ మూడు తరాల్లో గోపురం ఎక్కినవాడెవడో నాకు కనపడలేదు. తాత మాత్రం ఇంజన్ ఎక్కాడు.

అతను పోలికను ఎందుకు విడిచిపెట్టాడో చెప్పిన కారణం మన విమర్శకులు వినదగినది. "పెళ్ళికూతురు నల్లగా వుంటే తెల్లగా చెయ్యాల సార్, అదే నా పని. చెయ్యకపోతే డబ్బులియ్యరు. ఆల్బం చూసినోళ్ళంతా అచ్చం ఆ పిల్లే అంటారు. అది అబద్ధం. ఈ తుప్పు ఫొటోలో నేను ఒక్క చుక్క మార్చలా. దీన్ని చూసి ఇదేంది, అర్థం కాలేదంటారు." అతను సిద్ధాంతాలు చదివి ఈ మాట అనలేదు. కొన్ని వందల పెళ్ళిళ్ళు తీసి అన్నాడు. పోలిక వున్న బొమ్మ నిజం చెబుతుంది, పోలిక లేని బొమ్మ నిజంనుంచి పారిపోతుంది అనే సూత్రం అతని కంప్యూటరు ముందు రోజూ తలకిందులవుతున్నది.

ఆ సూత్రం చరిత్రలో కూడా ఒకసారి ఘోరంగా తలకిందులైంది. రష్యన్ విప్లవం పక్షాన నిలబడ్డ చిత్రకారుల్లో రాద్చెంకో ఒకడు. 1921లో ఎరుపు, పసుపు, నీలం, ఒక్కో గుడ్డ మీద ఒక్కో రంగు మాత్రమే వేసి ప్రదర్శించి, బొమ్మలు వెయ్యటం ఇంతటితో సరి అన్నాడు. ఆ తర్వాత కెమెరా పట్టాడు. మేడ మీదనుంచి కిందికీ, నేల మీదనుంచి పైకీ ఏటవాలుగా తీసిన అతని ఫొటోలను 1928లో రూపవాదమని దుయ్యబట్టారు. అతను దారికి వచ్చాడు. 1933లో తెల్లసముద్రం - బాల్టిక్ కాలవ దగ్గరకు పోయి, అందరికీ అర్థమయ్యే ఫొటోలు తీశాడు. పనిచేసే మనుషులు, వాయించే బాజా, తవ్వుతున్న కాలవ, అన్నీ పోలికలతో సహా వున్నాయి. ఆ కాలవ తవ్వింది లక్షకు పైబడిన ఖైదీలు. వేలమంది ఆ చలిలో చచ్చారు. ఆ సంగతి మాత్రం ఫొటోల్లో లేదు. ఎవరికీ అర్థం కాని మూడు రంగుల గుడ్డలు ఎవరినీ మోసం చెయ్యలేదు. ప్రజలకు సులభంగా అర్థమైన ఆ ఫొటోలు మోసం చేశాయి. మనవాళ్ళు ఈ కథను చెప్పుకోవటానికి ఇష్టపడరు. ఇష్టపడకపోయినా ఇది మన ఇంటి కథ.

దీనివల్ల పోలిక వున్న బొమ్మలన్నీ అబద్ధాలని నేను అనటం లేదు. బెంగాలు కరువును చిత్తప్రసాద్ గీసిన బొమ్మలూ, సునీల్ జానా తీసిన ఫొటోలూ లేకపోతే 1943 మనకు అంకెలుగా మిగిలేది. చిత్తప్రసాద్ పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం తగలబెట్టించింది, అంత భయపడింది. నేను అంటున్నది ఇంతే. నిజాయితీ అనేది పోలికలో పుట్టదు, పోలిక పోతే పోదు. దాన్ని ప్రతి బొమ్మ దగ్గరా విడిగా వెతుక్కోవలసిందే. విమర్శకుడి పని అదే గదా! ఆ పని తప్పించుకోవటానికే గుంపుగా తిట్టే తిట్లు కనిపెట్టారు.

ఆ కరువు రోజుల్లోనే కమ్యూనిస్టు పార్టీ పత్రిక కోసం బొమ్మలు గీసిన మరొక యువకుడు సోమనాథ్ హోర్. 1946లో తెభాగా ఉద్యమంలో, పంటలో మూడింట రెండు వంతులు మాకే అన్న కౌలురైతుల మధ్య తిరిగి, వాళ్ళ ముఖాలు డైరీ నిండా గీశాడు. పాతికేళ్ళ తర్వాత అదే మనిషి 'గాయాలు' అనే వరస చేశాడు. మట్టి పలకను కత్తితో కోసి, కాల్చి, దాని మీదనుంచి అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు ఒత్తాడు. తెల్లటి కాగితం మీద తెల్లటి కోత. మనిషి లేడు, ముఖం లేదు, చర్మం చీలిన జాడ మాత్రమే వున్నది. ఆ సభలో మాట్లాడిన పెద్దమనిషి ఈ కాగితాన్ని ఏ పెట్టెలో పెడతారు? అతను ప్రజలను విడిచిపోయాడా? 1943 నుంచి 1971 దాకా చూసిన శవాలన్నిటినీ విడివిడిగా గీయటం సాధ్యం కాక, కోత ఒక్కటే మిగుల్చుకున్నాడని నేనంటాను.

తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ కృష్ణారెడ్డి. 1925లో చిత్తూరు దగ్గర నందనూరులో పుట్టాడు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, మద్రాసు కళాక్షేత్రంలో పాఠం చెప్పి, లండన్ స్లేడ్ స్కూలుకు పోయి, అక్కణ్ణించి పారిస్‌లో హేటర్ నడిపిన అటెలియర్ 17 అనే అచ్చుల కార్ఖానాలో చేరాడు. చేరినవాడు చివరికి దాన్ని నడిపేవాళ్ళలో ఒకడయ్యాడు. 2018లో న్యూయార్క్‌లో చనిపోయాడు. మన పట్నాల్లో చదువుకున్నవాళ్ళను పదిమందిని అడగండి, అతని పేరు విన్నవాడు ఒకడుంటే గొప్ప.

అతను చేసిన పని ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే అది చేతిపని, అందులో మర్మం ఏమీ లేదు. అంతకుముందు రంగుల అచ్చు తియ్యాలంటే రంగుకొక పలక కావాలి, ఒక్కొక్కదాన్నీ విడిగా ఒత్తాలి. కృష్ణారెడ్డీ అతని సహచరులూ ఒకే లోహపు పలకను మెట్టుమెట్టుగా వేర్వేరు లోతుల్లో చెక్కారు. రంగుల్లో అవిసెనూనె పాలు మార్చారు. నూనె ఎక్కువైన పలచటి రంగు ముందు పడ్డచోట, చిక్కటి రంగు పట్టదు. పడనిచోట పడుతుంది. గట్టి రోలరు పైమెట్టునే తాకుతుంది, మెత్తటి రోలరు లోతుకు దిగుతుంది. ఇట్లా ఒక్క పలక మీద రంగులన్నీ పక్కపక్కన నిలబడి, యంత్రంలో ఒక్కసారి పోతే బొమ్మ పూర్తవుతుంది. నూనె, లోహం, రోలరు, అంతా కార్ఖానా భాష. ఈ పలకల మీద అతను చేప వేశాడు, అల వేశాడు, సుడిగుండం వేశాడు. 'సుడిగుండం' 1963 నాటిది. అందులో నీళ్ళ పోలిక కోసం వెతికితే దొరకదు, నీటి తిరుగుడు దొరుకుతుంది. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులూ కార్మికులూ లేచినప్పుడు అతను ఆ ఊళ్ళోనే వున్నాడు, 'ప్రదర్శకులు' అనే అచ్చు వేశాడు. మనుషులో చెట్లో తేలని నిలువు ఆకారాలు. జెండా మీద నినాదం లేదు. మన సభవారు దాన్ని కూడా గోడ మీదనుంచి దింపుతారేమో!

ఇక్కడ ఒక అడ్డుప్రశ్న వస్తుందని తెలుసు. ఆ కళను అమెరికా వాడుకోలేదా? వాడుకున్నది. 1950లో పుట్టిన సాంస్కృతిక స్వేచ్ఛా మహాసభకు సీఐఏ డబ్బు అందిందని 1966-67లో బయటపడింది. పోలికలేని చిత్రకళను ప్రచ్ఛన్నయుద్ధంలో ఒక ఆయుధంగా ఊరేగించిన మాట నిజం. కాని వడ్డీ వ్యాపారి ఇంట్లో భాగవతం చదివిస్తే పోతన వడ్డీ వ్యాపారి కాడు. చిత్రకారుడి మీద నేరం మోపాలంటే ఆ చిత్రం చూసి మోపాలి గాని, దాన్ని ఎవరు కొన్నారో చూసి కాదు. లేకపోతే మన సభలకు చందాలిచ్చినవాళ్ళ జాబితా కూడా ఎవరైనా తియ్యమంటారు.

"ప్రజలకు అర్థం కాదు" అనేది అసలు ఆయుధం. ఈ మాట అనేవాళ్ళు ప్రజలను ఎంత తక్కువగా చూస్తున్నారో వాళ్ళకే తెలియదు. బోగోలునుంచి తూర్పుగా సముద్రం వైపు నడవండి. దారి పొడుగునా రొయ్యల గుంటలు. అక్కడి రైతు నోట రొయ్య అనే మాట కన్నా కౌంటు అనే మాట ఎక్కువ వినపడుతుంది. వంద కౌంటు అంటే కిలోకు వంద తూగేది, ముప్పై కౌంటు అంటే ముప్పై తూగేది. అంకె తగ్గినకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. రొయ్య రంగూ రుచీ, అది తిన్న మేతా, దాన్ని కాచిన మనిషి నిద్ర, అన్నీ పోయి ఒక్క అంకె మిగులుతుంది. ఆ అంకె మీద ఇల్లు లేస్తుంది, ఇల్లు కూలుతుంది. మార్క్సు 1867లో అమూర్త శ్రమ అని రాసింది ఇదే గదా! సరుకుగా మారినప్పుడు శ్రమలోంచి మనిషి పోలిక తుడిచిపెట్టుకుపోతుందని ఆయన చెప్పింది మనం క్లాసులు పెట్టి నేర్పుతాం. అటువంటి అమూర్తం కింద నలుగుతూ రోజూ బతికేవాడికి అమూర్తం అర్థం కాదని మళ్ళీ మనమే అంటాం!

నేను అంతటితో వూరుకోలేదు. ఆ కుర్రవాడి ఫొటో ఒకటి తీసుకుని జువ్వలదిన్నె రేవుకు పోయాను. అందులో ఉన్నది నీలిరంగు మీద గోధుమరంగు మరక, అడ్డంగా ఒక తెల్లటి గీత, అంతే. పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది ఫైబర్ బోటు గదా సార్, ఇంజన్ కాడ నూనె కారతా ఉండాది. ఈ తెల్లంగా ఉండేది అతుకు. పోయినేడు బండకు కొట్టుకుంటే ఏసుంటారు" అన్నాడు. తర్వాత, "దీన్ని ఎందుకు తీసినాడు సార్ ఆ పిలకాయ?" అని అడిగాడు. బాగుందని అనలేదు. బాగాలేదనీ అనలేదు. మన సభలో ఒక్కరూ అడగని ప్రశ్న ఆయన అడిగాడు. నేను చెప్పిన జవాబు ఆయనకు నచ్చలేదు, ఆ సంగతీ దాచను. "అతుకేసిన వాడి ఫొటో కూడా తీస్తే బాగుండు గదా" అన్నాడు. అది విమర్శ! దానికి ఆ కుర్రవాడు జవాబు చెప్పుకోవాలి.

సాహిత్యంలో మనం ఇంత ఇరుకుగా ఎన్నడూ లేము. 1939లో నెల్లూరు వాడైన పఠాభి 'ఫిడేలు రాగాల డజన్'తో ఛందస్సు నడుములు విరగ్గొడితే నవ్వినవాళ్ళు నవ్వారు గాని, నేడు ఆ పుస్తకం లేకుండా ఆధునిక కవిత్వం పాఠం చెప్పటం లేదు. నారాయణబాబు అధివాస్తవికుడైనా మనవాడే. శ్రీశ్రీ అధివాస్తవికతతో చేసిన ప్రయోగాలు ఎన్ని లేవు? వాటిలో అర్థం తేలని పాదాలకు మనమే టీకాలు రాశాం. 1943లో తెనాలిలో మొదలైన సంఘం ఆ కవులను బయట నిలబెట్టలేదు, నిలబెట్టివుంటే మిగిలేదేముంది? కవి మాటల్ని తలకిందులు చేస్తే ప్రయోగం, చిత్రకారుడు రంగుల్ని తలకిందులు చేస్తే పలాయనం! ఈ పంక్తిభేదానికి కారణం సిద్ధాంతం కాదు, తెలియకపోవటం. కవిత్వం మనకు చదవటం వచ్చు, బొమ్మ చదవటం రాదు. తుమ్మపూడిలో కూచుని సంజీవదేవ్ ఒక జీవితకాలం తెలుగులో చిత్రకళ గురించి రాశారు. ఆయన సౌందర్యవాదంతో నాకు తగాదా వున్నది. అయినా తగాదా పడటానికైనా ఆయన తర్వాత ఆ స్థాయిలో రాసినవారు మనలో ఎందరు?

అవతలి పక్షాన్నీ వదలటానికి వీల్లేదు. గ్యాలరీల వాళ్ళు అచ్చువేసే కరపత్రాలు చూడండి. ప్రతి చిత్రకారుడిదీ అంతర్యాత్రే, ప్రతి మరకా ఆత్మజ్యోతే. ఏ ఊరివాడు, ఏ పనిచేసి తిన్నాడు, రంగులు కొనటానికి డబ్బెక్కడిది అన్న ప్రశ్నలు ఆ కరపత్రాల్లో అశ్లీలం. ఇంకొందరు మన ముగ్గును ముందుకు తోస్తారు. ప్రతి తెలుగు స్త్రీ గడప ముందు రోజూ వేసేది అమూర్త కళేనంటారు. వినటానికి ఇంపుగానే వుంటుంది. కాని ముగ్గుకు గడప వున్నది, పొద్దున్నది, తొక్కి పోయే కాళ్ళున్నాయి. ముగ్గు గోడకెక్కి అమ్ముడుపోదు, సాయంత్రానికి చెరిగిపోతుంది. దాన్ని తెచ్చి తమ సరుకుకు సాక్షిసంతకం పెట్టించటం ఆ స్త్రీలకు గౌరవమేమీ కాదు.

మధిరలో పుట్టి హైదరాబాదులో పనిచేసిన సూర్యప్రకాష్ సంగతి వేరు. అతను పాతసామాను దిబ్బల్లో తుప్పుపట్టిన మోటారు తుక్కును చూసి చిత్రాలు వేశాడు. ఆ తర్వాత కొలనులూ తామరాకులూ వేశాడు, అవి చాలామందికి ఎక్కువ నచ్చాయి. నాకు తుక్కే నచ్చుతుంది. కారణం బహుశా బిట్రగుంట.

ఇక ఆ పదహారు బొమ్మల మాట. వాటిని నేను పూర్తిగా మోయటం లేదు. మూడు ఉత్త అందంగా వున్నాయి. ఒకటి మరీను. ఎండిపోయిన రొయ్యల గుంటను డ్రోనుతో పైనుంచి తీశాడు. నెర్రెలిచ్చిన బురద కలంకారీ దుప్పటి లాగా వచ్చింది. ఆ గుంట ఉప్పు పక్కనున్న మాగాణిలోకి దిగితే ఏమవుతుందో ఆ ఎత్తునుంచి కనపడదు. తీరం వెంబడి ఈ గుంటల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది, 2005లో ప్రత్యేకంగా చట్టం చెయ్యవలసి వచ్చింది. అంత తగాదా వున్న నేలను దుప్పటిగా చూపటం తప్పు. అతని తండ్రి కాపలా కాసే గుంట అది. ఆ మాట అతనితో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ ఎత్తుకు పోకుండా ఉండాల్సింది సార్" అన్నాడు.

సభవారు కూడా ఆ బొమ్మ ముందు నిలబడి ఈ మాటే అనివుంటే, నేను వాళ్ళ పక్కన నిలబడివుండేవాణ్ణి. వాళ్ళు ఏ బొమ్మ ముందూ నిలబడలేదు. మనుషులున్నారా లేరా అని లెక్కపెట్టి, లేరని తేల్చి, పదహారింటినీ ఒకే తాడుతో కట్టి, వెనక్కి పంపారు. ఆ కట్ట ఇప్పుడు బోగోలులో అతని ఇంట్లో మంచం కింద వున్నది. పోయిన నెలనుంచి అతను పెళ్ళిళ్ళు తప్ప మరేమీ తియ్యటం లేదు. వచ్చే సభకు ఆ కట్ట విప్పించి గోడలకు పెట్టించమని మన సంఘాన్ని అడుగుతున్నాను. వ్యతిరేకించే మిత్రులు తప్పకుండా రావాలి, ఒక్కొక్క బొమ్మ ముందూ నిలబడి దాని మీద మాట్లాడాలి. జువ్వలదిన్నె పెద్దాయనను కూడా పిలుస్తాను. ఆయన మాట్లాడాక వేదిక మీది పెద్దలు మాట్లాడవచ్చు.